చీర మూటలకు ఆగనిది

ఈ మధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్చి బజ్జీకి పిండి ఎక్కువైంది, మిర్చి తక్కువైంది. మొన్న బండివాడితో అదే పంచాయితీ పెట్టుకున్నాను. అంతలో మనవరాలి ఫోన్. "తాతా, పైన ఉండే సారు పోయిన్రు. గుండెపోటంట." బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది.

ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి పై వాటాలో ఆయన ఏళ్ల తరబడి కిరాయికి ఉన్నారు. కోస్తా మనిషి. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. నేనేమో బడి మధ్యలో ఎగ్గొట్టి, పోచంపల్లి చీరలు అమ్ముకుని బతికినవాణ్ణి. "గింత సదువుకొని గా షేర్ ఆటోల ఇరుక్కొని ఒస్తరేంది సారూ?" అని ఏడిపించేవాణ్ణి. "ఇరుక్కోవడం కూడా ఫిజిక్సేనండి బాబాయ్" అనేవారు. ఏ చొక్కా వేసినా జేబులో సుద్దముక్క ఉండాల్సిందే.

మా ఆవిడకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన ఏడాది ఆయన మాకు చేసింది చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక దవాఖానలో రేడియో అయోడిన్ మందు మింగించి, కొన్నాళ్లు అక్కడే ఉంచి పంపారు. ఇంటికెళ్లాక కూడా కొద్దిరోజులు వేరే గదిలో ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు అన్నారు. రేడియేషన్ అనే మాటకే మేం హడలిపోయాం. తెలివి నాకు కాస్త ఎక్కువ కదా, దుకాణం నుంచి చీర మూటలు తెప్పించి ఆమె గది గుమ్మానికి అడ్డంగా గోడ కట్టాను. కోడలు ఆ మూటల మీద కంచం పెట్టి పరుగెత్తేది.

మా ఆవిడ తిండి మానేసింది. "నన్ను బతికుండంగనే అవతల పడేసిన్రు. ఇగ గోలీలు మింగి ఎవరికోసం బతకాలె?" అని అటు తిరిగి పడుకుంది. డాక్టరు రాసిన మాత్రలు కంచం పక్కనే ఉండిపోయాయి.

ఆమెను చూడ్డానికి దిగొచ్చిన సారు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"ఏంటి బాబాయ్, ఇంట్లో సేల్ పెట్టారా?"

"రేడియేషన్‌కు అడ్డం సారూ. పట్టు, మస్తు మందం."

ఆయన నవ్వి, ఒక మూట లాక్కుని దాని మీదే కూర్చున్నారు. "ఈ రేడియేషన్ కిరణాల్లో ఆల్ఫా అని ఒకడున్నాడండి, లావుపాటి బద్ధకస్తుడు. కాగితం అడ్డం పెట్టినా ఆగిపోతాడు. బీటా ఇంకాస్త చురుకు, వాడికి అల్యూమినియం రేకు కావాలి. గామాకైతే సీసం దిమ్మో లావుపాటి కాంక్రీటు గోడో ఉండాలి. అప్పటికీ పూర్తిగా ఆగడు, తగ్గుతాడంతే."

"మరి మా ఆమె మందుల గీళ్లల్ల ఎవడున్నడు?"

"బీటా, గామా ఇద్దరూ. బీటా పిన్నిగారి ఒంట్లోనే ఆగి, మిగిలిపోయిన జబ్బును చంపుతాడు. బయటికొచ్చేది గామా. మీ చీరలు వాడికి లెక్కే కాదు."

"అయితే ఎట్ల మరి? జర చెప్పున్రి, పరేషాన్ చేయకున్రి."

"దూరం బాబాయ్. రెండింతలు దూరం జరిగితే నాలుగో వంతే తగులుతుంది. రోజులు గడిచేకొద్దీ అదీ తగ్గిపోతుంది. కంచం వేరు పెట్టండి, మనిషిని వేరు పెట్టకండి."

ఇద్దరం కలిసి మూటలన్నీ తీసేసి, కంచం, మాత్రలు ఆమె మంచం పక్కన పెట్టాం. ఆయన గుమ్మం బయట షాబాదు బండల మీద సుద్దతో గీత గీశారు. పెద్దవాళ్లు గీతకు ఇవతల కాసేపు కూర్చుని మాట్లాడొచ్చు, పిల్లలు మాత్రం ఇటు రాకూడదు. ముందు ఆయనే కుర్చీ వేసుకున్నారు.

"పిన్నిగారూ, నేను చారు పెడితే నీళ్లలా ఉంటోందండి. ఎలా పెట్టాలి?"

అటు తిరిగి పడుకున్న మా ఆవిడ ఇటు తిరిగింది. తర్వాత మంచం మీంచి గొంతు వచ్చింది. "నీళ్లు తక్కువ పొయ్యున్రి సారూ, గంతే." ఆ మాట అంటూ లేచి కూర్చుంది. కంచం దగ్గరికి లాక్కుంది. మాత్ర వేసుకుంది.

మా ఆవిడ ఆ గది విడిచే దాకా సాయంత్రం పూట ఆయన వచ్చి కూర్చునేవారు. ఆమె వంటలు చెప్పేది, ఆయన అన్నీ తప్పుగా చేసి వచ్చి తిట్లు తినేవారు. ఇప్పుడు ఆమె బాగుంది. మొన్న ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు వీధి చివరిదాకా నడిచింది.

ఒక్క సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ గీత రోజూ కాస్త లోపలికి జరిగేది. "గీత నడుస్తోందేంటి బాబాయ్?" అని ఆయన అడిగితే, పనామె తుడిచేసింది, మళ్లీ గీశానని చెప్పేవాణ్ణి. పనామె ఆ రోజుల్లో మా ఇంటి గడపే తొక్కలేదు. పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, మా ఆవిడ వైపు బెత్తెడు జరిపి గీసింది నేనే. అదీ ఆయన జేబులోంచి కొట్టేసిన సుద్దముక్కతో. అది ఎక్కడ పడిపోయిందోనని ఆయన మెట్ల మీద వంగి వెతుకుతుంటే, పక్కనే నేనూ వంగి వెతికాను.