బోగీ కప్పు మీద తడి గోనె

నేను పుట్టిన సిరిసిల్లకు రైలు లేదు. అందుకేనేమో, యాభై దాటాక జగిత్యాలలో ఇంట్లో కూర్చుని రైలు బోగీలు కడుతున్నాను. కిట్టు పోస్టులో వస్తుంది. పల్చటి చెక్క గోడలు, సీట్లు, పైన వంపు తిరిగిన కప్పు, అన్నీ విడివిడిగా ఉంటాయి. అంతా అతికిస్తే జానెడున్నర పొడవు బోగీ. ఈసారి కడుతున్నది కోరుట్ల మీదుగా పోయే ప్యాసింజరుది. నా భార్య దీన్ని పోరగాళ్ల ఆట అంటుంది. చుట్టాలొస్తే మాత్రం తనే అద్దాల అల్మారా దగ్గరికి తీసుకుపోయి చూపిస్తుంది.

గోడలు నిలబెట్టడం ఎవడికైనా వస్తుంది. ఏడిపించేది కప్పే. ఒక మూల అతికిస్తే ఇంకో మూల లేస్తుంది. రెండూ నొక్కి పట్టుకుంటే నడుమ ఉబ్బుతుంది. మూడు ఆదివారాలు దానితో కుస్తీ పట్టి, ఓడిపోయి, బోగీని బల్ల మీద బోడిగా వదిలేశాను.

మా మామ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఊరు గొల్లపల్లి. మా అత్త పోయింది, కొడుకులు లేరు, ఉన్నది ఒక్కతే బిడ్డ, అంటే నా భార్య. చేతనైనన్ని రోజులు ఇళ్లకు స్లాబులు పోసిన మేస్త్రీ ఆయన. మోకాళ్లు పోయాక ఎవరూ పనికి పిలవడం లేదు. అంతకు ముందు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ వారం తిరక్కుండానే సంచి సర్దుకున్నాడు. "పనిలేకుంట బిడ్డింట్ల కూసోని తినుడు నాతోని గాదు" అనేవాడు. ఈసారి నా భార్య నన్ను వంటింట్లోకి పిలిచి మరీ చెప్పింది.

"మా బాపు మల్ల పోయిండంటే ఇగ రాడు. ఆయనకు ఏదన్న పని చెప్పు. ఏదన్న సరే."

మోకాళ్లు వంగని మేస్త్రీకి రెండు గదుల ఇంట్లో ఏం పని చెప్పను, నా తలకాయ! బోగీ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి చూశాడు.

"గీ గోడలు మట్టానికి లేవు గదా అల్లుడా. గీటి మీద స్లాబెట్ల కూసుంటది? సెంట్రింగేది?"

"గిది బొమ్మ మామా."

"బొమ్మైతేంది? కప్పు కప్పే."

ఆ మధ్యాహ్నమే గోడల అంచులను సాండ్ పేపర్ మీద రుద్ది సమం చేశాడు. సీట్ల మధ్య సెంట్రింగు కర్రల్లా అగ్గిపుల్లలు నిలబెట్టి, వాటి మీద కప్పు ఆనించి, దారం చుట్టి బిగించాడు. మర్నాటికి నాలుగు మూలలూ బుద్ధిగా కూర్చున్నాయి. నాకు సంతోషమూ అయింది, కొంచెం కడుపూ మండింది. ఆయన ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నా భార్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

అతుకుల్లో సన్నటి సందులు మిగిలాయి. వాటికని గోడలకు పూసే పుట్టీయే తెచ్చి, తడిపి కూరాను. అది ఆరితే ఇక రంగే. ఈలోగా సిరిసిల్లలో పెళ్లి పడింది. మేమిద్దరం మూడు రోజులకని బయలుదేరాం. పోతూ పోతూ "బోగీ జాగ్రత్త మామా" అని నేనే అప్పజెప్పాను.

వచ్చి చూస్తే బోగీ మీద గోనె పట్టా ఉంది. కప్పు కొలతకు కత్తిరించి, పోగులు ఊడకుండా అంచులు కుట్టి మరీ పరిచాడు. గోనె తడిగా ఉంది. పక్కన గిన్నెలో నీళ్లు.

"ఒక్క పూట తప్పలే అల్లుడా" అన్నాడు మా మామ, ఎదురొచ్చి. "పుట్టీల సిమెంటుంటది గద. నీళ్లు కొట్టకుంటే పలుగుతది."

స్లాబు పోసిన మనిషికి దానికి నీళ్లు కొట్టందే నిద్ర పట్టదు. పాపం, చెక్కకు ఆ సంగతి తెలియదు. గోనె ఎత్తితే కప్పు నానిన అప్పడంలా ఉంది. గోడలు విచ్చుకున్నాయి.

నా నోరు ఊరుకుందా? "ఎవలు చెయ్యమన్నరే నిన్ను? సక్కగ ఓ మూలకు కూసుండరాదు?" అని అరిచాను. ఆయనతో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. వెతికినట్టు అదే అన్నాను.

తెల్లారేసరికి మనిషీ లేడు, సంచీ లేదు. నా భార్య చాయ్ తెచ్చి నా ముందు పెట్టి "తోల్కరాపో" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

బస్టాండులో గొల్లపల్లి బస్సు ఇంకా రాలేదు. ఆయన బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అల్లుడు మామ ముందు తప్పు ఒప్పుకోవడం మా దిక్కు ఎక్కడా లేదు. పెళ్లి పీటల దగ్గర్నుంచీ అలిగేది అల్లుడు, బతిమాలేది మామ. ఆ రివాజు మీద నేను ఇరవై ఏళ్లుగా హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

నన్ను చూడగానే మోకాళ్లు పట్టుకుని ఆయనే లేచాడు. నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"తప్పయింది అల్లుడా. తెల్వక చేసిన. నా మీది కోపంతోని నా బిడ్డనేమనకు."

సిగ్గుతో చచ్చిపోయాను. జానెడున్నర చెక్క కోసం తన బిడ్డను నేనేం చేస్తానోనని ఈ మనిషి భయపడ్డాడు. ఇరవై ఏళ్లలో నేను సంపాదించుకున్న పేరు అదన్నమాట.

"తప్పు నాది మామా" అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. పక్క బెంచీ ఆడవాళ్లు తిరిగి చూశారు.

ఆయన బెదిరిపోయాడు. "ఊకో, ఊకో! నలుగురు ఇంటున్నరు. అల్లుడు గట్లంటడా?"

"అంట. ఇంటికి నడువ్. లేకుంటే ఇంకింత గట్టిగంట."

ఆయన అటూ ఇటూ చూశాడు. నలుగురిలో నా ఇజ్జత్ పోతుందని సంచి చంకన పెట్టుకుని, కుంటుకుంటూ, నాకంటే ముందు మా ఇంటి దారి పట్టాడు.