పదకొండు వాహనాలు బోల్తా పడిన కథ

కంపెనీని సాయం అడిగితే ఇవ్వలేదని ఏడ్చినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. ఇచ్చినందుకు ఏడ్చినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ లోటు ఇవాళ తీరుస్తాను. అది ఎంత ఘనమైన నాశనమంటే, దానికి శిలాఫలకం కూడా ఉంది. తాండూరు వైపు వెళ్ళినప్పుడు దిగి చదువుకోవచ్చు.

నాది వికారాబాద్. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుని బతుకుతాను. ఆ రోజుల్లో నాకొక పిచ్చి ఉండేది. ఇప్పటికీ ఉంది గాని, అప్పుడు దానికి సిగ్గు ఉండేది కాదు. మేకపిల్లంత జీపు బొమ్మ ఒకటి కొన్నాను. చేతిలో రిమోటు పట్టుకుని దాన్ని రాళ్ళ మీదికి ఎక్కించడమే ఆట. ఉరకడం లేదు, ఎగరడం లేదు. ఒక్కో చక్రం ఒక్కో రాయిని పట్టుకుని, నిండు గర్భిణి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. బోల్తా పడితే మార్కులు పోతాయి. రాళ్ళు ఎంత పాడుగా ఉంటే ఆట అంత బాగుంటుంది. ఈ ఒక్క వాక్యం దయచేసి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోనందుకే ఇదంతా జరిగింది.

మొదట్లో అనంతగిరి గుట్ట మీద ఆడేవాణ్ణి. గుడికి వచ్చినవాళ్ళు దేవుణ్ణి వదిలేసి నా చుట్టూ చేరేవారు. తర్వాత తాండూరు దాటాక ఒక స్వర్గం దొరికింది. నాపరాతి గని తవ్వి పడేసిన చెత్తరాళ్ళ కుప్ప. డొంకదారికీ అంజిలమ్మ పొలానికీ మధ్య అడ్డంగా పడి ఉంది. అంజిలమ్మకు నలభై మేకలు, రెండెకరాల కంది చేను. ఆడుకోనిస్తావా అవ్వా అని అడిగితే, నన్నూ నా జీపునూ మార్చి మార్చి చూసింది.

"ఆడుకో కొడుకా. గా రాళ్ళు ఎవనికన్న పనికొచ్చినయంటే గదే పదివేలు. నేను పొలంకాడికి పోవాల్నంటే వాటిమీదికెళ్లే ఎక్కి దిగాలె. పదేండ్ల సంది అర్జీలు వెడుతున్న, ఒక్కడు పలుకలె."

నేను సానుభూతిగా తలాడించి, జీపు తీసి ఆడుకున్నాను. ఆమె కష్టం అంతవరకే నాకు పట్టింది.

హైదరాబాద్‌లో ఈ ఆట ఆడేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. దాని పెద్ద ప్రదీప్ ఒకసారి తన వాళ్ళతో జీపులేసుకుని వచ్చి ఆ కుప్పను చూసి, గుడి ముందు చెప్పులు విడిచినంత భక్తిగా నిలబడ్డాడు.

"భాయ్, గిసొంటి రాళ్ళు నేను ఏడ చూడలె. ఈ ఏడాది పోటీ గీడనే పెడదాం. అయితే ఒక్క షర్తు. స్పాన్సర్‌ను నువ్వే తేవాలె. దొరకకుంటే పోటీ వేరే ఊరికి పోతది."

"తెస్త" అన్నాను. అనడమే కాదు, తిరిగొచ్చిన రోజే నా దుకాణం బోర్డు మీద 'ఇచ్చట బోరు మోటార్లు వైండింగ్ చేయబడును' కింద 'అఖిల భారత రాళ్ళ జీపుల పోటీ, ప్రధాన నిర్వాహకుడు' అని పసుపు రంగుతో రాయించాను. ఇక స్పాన్సర్ దొరకకపోతే బస్టాండు దాకా తల ఎత్తుకుని నడవలేను. నా పరువంతా ఆ పసుపు రంగులో ఉంది.

తాండూరు దగ్గర సిమెంటు కంపెనీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాన్ని ఎంచుకున్నాను. పేరు చెప్పను, పాపం వాళ్ళ తప్పేమీ లేదు. మా దగ్గర కంపెనీనైనా కలెక్టరునైనా ఏదన్నా అడగాలంటే ఒకటే పద్ధతి. తహసీల్ ఆఫీసు ముందు కూర్చునే విఠలయ్య సార్ దగ్గరికి వెళ్ళి అర్జీ రాయించుకోవడం. ముప్పై ఏళ్ళుగా ఆయన కలం నుంచి కష్టం తప్ప మరొకటి రాలేదు.

"ఏం కష్టం నాయనా?" అన్నాడు కాగితం సర్దుకుంటూ.

"కష్టం లేదు సార్, ఆట. బొమ్మ జీపుల పోటీ."

ఆయన కలం మూత పెట్టేశాడు. "కష్టం లేకుంటే కంపెనోళ్ళు ఎందుకిస్తరు? కష్టం చెప్పు."

"జీపులు రాళ్ళెక్కలేక బోల్తా పడ్తయి సార్."

"గట్ల చెప్పు మరి!" మూత తీశాడు. "ఎన్ని పడ్డయి?"

"మొన్న ప్రదీప్ వాళ్ళొచ్చినప్పుడు పదకొండు పడ్డయి."

"ఒకే దినమున పదకొండు వాహనములు..." అంటూ రాసుకుపోయాడు. "బొమ్మ అని రాస్తే బొమ్మకు తగ్గట్టే ఇస్తరు. తీసేస్తున్న. పోటీ అంటే పనిలేనోళ్ళ యవ్వారమనుకుంటరు. అదీ తీసేస్తున్న."

తీసేయగా మిగిలిన అర్జీ ఇది: 'మహారాజశ్రీ మేనేజరు గారి సముఖమునకు. తాండూరు దాటిన పిమ్మట అంజిలమ్మ పొలమునకు పోవు దారిన వాహనములు రాళ్ళపై ముందుకు సాగలేక నానా అవస్థలు పడుచున్నవి. గత మాసమున ఒకే దినమున పదకొండు వాహనములు బోల్తా పడినవి. వచ్చే మాసము రెండవ ఆదివారము దూరప్రాంతముల నుండి మరిన్ని వాహనములు వచ్చుచున్నవి. ఆలోపు తమరు పెద్ద మనసుతో ఆదుకొనవలెనని ప్రార్థన. తమ కంపెనీ పేరు పెద్ద అక్షరములతో ప్రదర్శించగలము.'

ఆయన చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా జీపు మీద నాకే అంత జాలి ఎప్పుడూ కలగలేదు. దానికి తోడు ఫొటోలు. బోల్తా పడ్డ జీపును బోర్లా పడుకుని, మొహం నేలకానించి, దగ్గరగా తీస్తాను నేను. పక్కన గడ్డి కనపడనివ్వను, చెయ్యి కనపడనివ్వను. చూసినవాడు అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలి. అంత బాగుంటాయి. ఆ ఫొటోలు నాలుగు జతచేసి పంపాను.

వారం తిరగకుండా ఫోన్. కంపెనీలో సమాజ సేవ విభాగం ఆఫీసరట, జనార్దన్ సార్.

"సార్, మీ అర్జీ చదివి మా పెద్దసార్ కండ్లల్ల నీళ్ళు తీసుకున్నడు. ఫొటోలు చూసి మస్తు పరేషానైండు."

"గందుకే గద సార్ పెట్టింది!"

"నేను పోయి జాగ చూసిన. అంజిలమ్మ అంతా చూపెట్టింది. ఇంగ మీరు ఫికర్ చెయ్యకుండ్రి, అంతా మేం చూసుకుంటం. ఆ ఆదివారం మీ బండ్లను తీస్కొని రాండ్రి, చాలు."

"బ్యానర్ మేం కట్టిస్తం సార్."

"బ్యానర్ ఎందుకు? మేం రాతి బోర్డే పెడుతున్నం."

రాతి బోర్డు! దేశంలో ఏ పోటీకైనా రాతి బోర్డు పెట్టిన స్పాన్సర్ ఉన్నాడా? ఉబ్బితబ్బిబ్బయ్యాను. చూసొద్దామంటే, ఎండలకు జిల్లాలో ఉన్న మోటార్లన్నీ నా దుకాణంలోనే కాలి పడి ఉన్నాయి. పోటీకి పది రోజుల ముందు అంజిలమ్మకు ఫోన్ చేశాను.

"అవ్వా, కంపెనోళ్ళు వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు కొడుకా, మిషిన్లు తెచ్చిండ్రు. సిమెంటు గూడ తెచ్చిండ్రు."

"స్టేజి కడుతున్నరేమో!"

"ఏమో కొడుకా, మస్తు మంచిగ చేస్తున్నరు. రెండు పూటల నీళ్ళు నేనే పోస్తున్న."

పనివాళ్ళ దాహం తీరుస్తోంది కాబోలు, పల్లెటూరి మనసు ఎంత చల్లనిది అనుకుని మురిసిపోయాను. మీకు అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

ఆదివారం పొద్దున్నే ప్రదీప్, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన పాతికమంది, వాళ్ళ జీపుల పెట్టెలు, ముందు నేను. డొంకదారి మలుపు తిరిగాం. నేను ఆగిపోయాను. నా వెనక పాతికమందీ ఆగిపోయారు.

ఎదురుగా తెల్లగా, నున్నగా, పాపిట తీసినట్టు సీసీ రోడ్డు. డొంకదారి నుంచి అంజిలమ్మ పొలం దాకా. అటూ ఇటూ అరటి చెట్లు, మధ్యలో రిబ్బను, పక్కన నాపరాతి ఫలకం. మైకులో దేశభక్తి పాటలు.

"భాయ్, ట్రాకేది?" అన్నాడు ప్రదీప్.

"గీడనే ఉండె."

"ఏడ?"

"గీ రోడ్డు కింద."

ప్రదీప్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టె కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. నాకైతే అక్కడే నేల చీలితే బాగుండుననిపించింది గాని, కొత్త సిమెంటు, అంత తొందరగా చీలదు.

జనార్దన్ సార్ చేతులు జోడించి ఎదురొచ్చాడు. "రాండ్రి సార్! పెద్దసార్ ఆర్డరు, మొదట మీ బండే పోవాలె, ఫొటో దియ్యాలె. ఏది, బండేది?"

నేను పెట్టె తెరిచి, జీపు తీసి, రోడ్డు మీద పెట్టాను. పాట అప్పుడే ఆగింది.

"గిదేంది?" అన్నాడాయన.

"వాహనం సార్."

"బోల్తా పడ్డది...?"

"గిదే సార్."

"మరి మిగిలిన పది?"

పాతికమందీ మొహమాటంగా తమ పెట్టెలు చూపించారు. ఆయన రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. "లోపట మనుషులుండిరని నేను రిపోర్టుల రాసిన. ఎవ్వరికి దెబ్బలు తాకలేదా అని మా పెద్దసార్ రోజు అడుగుతుండు."

"లోపట ఎవ్వరు లేరు సార్. బ్యాటరీ ఒక్కటే."

"నా నౌకరి పోతది సార్" అన్నాడు జనార్దన్ సార్ సన్నగా. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నాది పసుపు రంగు పరువు, ఆయనది నెల నెలా ఇల్లు నడిపే ఉద్యోగం.

అంతలో అటువైపు నుంచి గంటల చప్పుడు. అంజిలమ్మ కొత్త చీర కట్టుకుని, నలభై మేకలతో, రిబ్బనును కత్తెర కోసం ఆగకుండా తెంపుకుంటూ వచ్చేసింది. వెనక ఆమె పక్క చేనివాళ్ళ ట్రాక్టరు. రోడ్డు మధ్యలో నిలబడి జనార్దన్ సార్‌కు దండం పెట్టింది.

"సల్లగుండు సారూ. పదేండ్లాయె, ఇయ్యాల కాలికి రాయి తాకకుంట నా పొలంకెళ్ళి వచ్చిన."

జనార్దన్ సార్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆమెను, మేకలను, ట్రాక్టరును నిలబెట్టి ఇరవై ఫొటోలు తీయించాడు. నేను ఆమెను పక్కకు పిలిచాను.

"అవ్వా, సార్ జాగ చూస్తందుకొచ్చినప్పుడు నావి బొమ్మ బండ్లని చెప్పలేదా?"

"ఆయన అడగలె, నేను చెప్పలె" అంది అంజిలమ్మ, మేకను అదిలిస్తూ.

మీరు ఇదే నాశనమనుకుంటున్నారేమో. తొందరపడకండి. ప్రదీప్ అటు తిరిగి చూసి కేక పెట్టాడు. జేసీబీ తోసేసిన రాళ్ళన్నీ రోడ్డు పక్కన కొత్త కుప్పగా లేచి ఉన్నాయి. పాతదానికంటే ఎత్తు, పాతదానికంటే ఘోరం. పోటీ అక్కడే జరిగింది, బ్రహ్మాండంగా జరిగింది. జనార్దన్ సార్ కూడా రిమోటు పట్టుకుని రెండుసార్లు బోల్తా కొట్టించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. వెళ్ళేముందు ప్రదీప్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంగ ప్రతి ఏడాది గీడనే భాయ్."

అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? మళ్ళీ ఏడాది కూడా సాయం అందాలి కదా. కంపెనీ పెద్దసార్‌కు కృతజ్ఞతలు రాయించడానికి విఠలయ్య సార్ దగ్గరికి వెళ్ళాను.

"కృతజ్ఞతలకు గూడ కష్టం కావాల్నా సార్?"

"కష్టం లేకుంటే పని అయిపోయిందనుకుంటరు. మళ్ళ ఎందుకిస్తరు? ఈసారి ఎన్ని పడ్డయి?"

"పద్నాలుగు."

రాశాడు. నేను నా కొత్త ఫొటోలు జతచేశాను. నేలకు మొహమానించి తీసినవి. ఈసారి వెనకాల కొత్త రోడ్డు కూడా పడింది, ఇంకా బాగా వచ్చాయి.

నాలుగో రోజు జనార్దన్ సార్ ఫోన్. గొంతులో ఆనందమో ఏడుపో తెలియలేదు. "ఎందుకు పంపిండ్రు సార్ గా ఫొటోలు? పెద్దసార్ తట్టుకోలేకపోయిండు. రోడ్డేసినంక గూడ పద్నాలుగు పడ్డయా, పక్కన రాళ్ళెందుకు ఉంచిండ్రని నన్ను తిట్టి, రెండు జేసీబీలు, ఆరు టిప్పర్లు పంపిండు. నిజం చెప్తే నౌకరి పోతది, నేనేం జెయ్య? మీరిప్పుడొచ్చి చూడుండ్రి. పండ్ల సందున ఇరికేటంత రాయి గూడ లేదు."

పోటీ వేరే జిల్లాకు తరలిపోయింది. ప్రదీప్ ఇప్పుడు నాతో పండుగ శుభాకాంక్షల వరకే మాట్లాడతాడు. నా బోర్డు మీద పసుపు అక్షరాల పైన తెల్లరంగు వేయించాను. ఎండ పడితే కింద నుంచి 'అఖిల భారత' ఇంకా కనిపిస్తుంది. రాళ్ళు పోయిన చోట అంజిలమ్మ ఇంకో అరెకరం కంది వేసింది. పంట రాగానే ఒక సంచి కందులు మోసుకుని నా దుకాణానికి వచ్చింది. మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"కొడుకా, నా బోరు కాడికి కరెంటు స్తంభాలు లేవు. నీ బొమ్మ బండికి చీకట్ల తొవ్వ కానొస్తలేదని ఒక అర్జీ వెట్టరాదు?"

నేను లేచి నిలబడి, కాలిపోయిన మోటారు మీద చెయ్యి వేసి, ఆమె ఎదుటే ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ కంపెనీకీ ఏ ఫొటో అయినా సరే, కొలత తెలిసేలా పక్కన నా చెప్పు పెట్టకుండా పంపను గాక పంపను.

మాట తప్పలేదు. స్తంభాల అర్జీకి జతచేసిన ఫొటోలో నా చెప్పు ఉంది. జీపు వెనకాల కాస్త దూరంగా పెట్టాను, అంతే.