ఇల్లయితే రోడ్డు మీదికెందుకు

నా వ్యాన్‌ను పాత ఇనుముకు అమ్మేయమని మా బావమరిది మా ఆవిడకు చెప్పాడు. నాకు చెప్పలేదు. నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు. పోతూ పోతూ గేటు దగ్గర వాళ్ల అక్క చెవిలో వేసి పోయాడు.

ఆయనకు కొత్త కారుంది. దాని అద్దాలు దించడం మహాపాపం. లోపలినుంచి దారి చెప్పే ఒక ఆడగొంతు కుడికి తిరగమంటే కుడికి తిరుగుతాడు, ఎడమకంటే ఎడమకు. ఒకసారి ఆ గొంతు మాట విని సముద్రం ఒడ్డున ఇసుకలో చక్రాలు మునిగేదాకా దిగబడి, ట్రాక్టరు పిలిపించుకుని బయటపడ్డాడు. ఆ సంగతి మాత్రం ఎవరి చెవిలోనూ వేయడు.

నా వ్యాన్ బడిపిల్లల్ని మోసి మోసి, చివరికి ఒక షెడ్డు వెనుక తుప్పు పడుతుంటే కొన్నాను. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన నేను, పాత పుస్తకాలు తెచ్చుకుని ఇంజన్ పని నేర్చుకున్నాను. మెకానిక్‌లను నమ్మితే అయినట్టే. ఇప్పటి మెకానిక్‌కు వచ్చిన మంత్రం ఒక్కటే: "పార్టు మార్చాల సార్." ఎందుకు పోయిందయ్యా అని అడిగితే ఫోన్ చూసుకుంటాడు.

సీట్లు పీకేసి బల్లమంచం వేశాను. పక్క రేకు కోయించి, బడ్డీకొట్టు తలుపులా పైకి లేచే కిటికీ పెట్టించాను. దాని వెనుక గ్యాస్ పొయ్యి, ఉప్పూ పప్పుల డబ్బాలు. చేపలమ్మేవాళ్ల తూకం మా ఆవిడ నమ్మదు. అందుకని ఆ కిటికీకి ఒక చిన్న కాటా వేలాడదీసింది. బండిలో ఇల్లు కట్టుకున్నామని ఫోన్లలో వీడియోలు పెట్టే కుర్రకారును చూస్తుంటాను. వాళ్ల మంచం మీద దుప్పటి నలగదు, బండి ఎక్కడా ఆగదు. అదీ ఒక ప్రయాణమేనా!

సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు పక్కన తెల్లవారుజామున కిటికీ లేపితే, మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నీళ్లవైపు చూస్తూ కూర్చునేది. ఇంట్లో నిమిషం ఊరకుండని మనిషి అక్కడ ఒక్క మాట మాట్లాడేది కాదు. గ్లాసులో టీ చల్లారిపోయేది. నేను బండి కొన్నది దానికోసమే. ఆమె ఎక్కకపోతే అది నాకూ పాత ఇనుమే.

బండి దారి మధ్యలో ఆగిపోయేది, కాదనను. పోయిన నెల బయల్దేరే ముందే ఆమె తేల్చి చెప్పింది: "ఇంకొక్కసారి ఆగిందంటే నేను బస్సెక్కి పోతా. మళ్లా రమ్మంటే రాను."

వాకాడు అవతల, ఒక చేపల ఊరి మొదట్లో రేడియేటర్ పొంగింది. ఆమె చేతిసంచి సర్దుకుంది. ఉక్కగా ఉందని నేను కిటికీ లేపాను. అంతే, ఇళ్లలోంచి ఆడవాళ్లు సంచులు పట్టుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు! రేషన్ సరుకులు ఇళ్ల ముందుకు తెచ్చే బియ్యం బండ్లు ఒకప్పుడు తిరిగేవి, తర్వాత ఆగిపోయాయి. డబ్బాలూ కాటా చూసి, మళ్లీ వచ్చాయనుకున్నారు.

"కందిపప్పు ఉండాదా పెద్దాయనా?" అంది ముందు నిలబడ్డ ముసలామె.

"ఇది బియ్యం బండి కాదమ్మా. ఇల్లు."

"ఇల్లయితే రోడ్డు మీదికెందుకు తెచ్చినావు?"

వరుసంతా నవ్వింది. వెనకనుంచి ఒకామె, "కాటా కూడా పెట్టుకోనుండాడే, అత్తా! మనకే ఈయడంట!" అంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చేత్తో చేసుకున్న ఇంటిని పట్టుకుని బియ్యం బండి అంటారా! మా ఆవిడ దిగి ముసలామెను పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడింది. బస్సు కోసం అడుగుతోందనుకున్నాను. ఇంతలో వాళ్లే బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. బ్యాటరీ కూడా మొండికేస్తే, "బియ్యం ఈయకపోతే పోయె, పట్టండే!" అని తలా ఒక చెయ్యి వేసి తోశారు. బండి అందుకుంది. మా ఆవిడ ఎక్కింది గానీ, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

ఈ కథ ఫోన్లో తమ్ముడికి మాత్రం చెప్పుకుంది. ఆయనగారు పనిగట్టుకుని వచ్చి, కాఫీ తాగి, ఆ సలహా ఇచ్చి పోయాడు. గేటు దగ్గరి మాట వరండాలో నాకు వినపడదనుకున్నాడు కాబోలు.

వారం రోజులు అడిగాను. అమ్మేద్దామా, ఉంచుదామా? ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుందే గానీ తల ఎత్తదు. నిన్న పొద్దున ఇక తట్టుకోలేక, "మీ తమ్ముడి మాటే ఖాయమా? ఆ పాత ఇనుమువాణ్ణి పిలిచేదా?" అని అరిచాను. చేట కింద పెట్టి అప్పుడు జవాబిచ్చింది:

"ఆ ముసలామెకు కందిపప్పు తెస్తామని చెప్పి వచ్చినా. బండి అమ్మేస్తే నెత్తిన పెట్టుకోని పోతావా? పో, పోయి ఆ రేడియేటర్ సంగతి చూడు. కాటా మర్చిపోబాక."