అత్త బదులు నేను పలికిన రోజు

మా మేనత్త పోయిందని గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మార్కాపురం బస్టాండులో టీ తాగుతున్నాను. పొద్దున్నే దుకాణం తెరిచి, కూర్చున్న చోటే ఒరిగిపోయిందట. అవస్థ పడకుండా పోయింది, అదృష్టవంతురాలు అంటున్నారందరూ. నిజమే కావచ్చు.

గిద్దలూరు బజారులో ఆమె దగ్గర ఉప్పు, చింతపండు కొన్నవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. నా హైస్కూలు చదువంతా ఆ ఇంట్లోనే. ముందు గది దుకాణం, వెనక కాపురం. వీధిలో ఎవరు "అక్కా" అన్నా ఆమె పలకాల్సిందే. నోట్లో ముద్ద ఉన్నా సరే, "ఆఁ, వస్తాండా" అనేది. ఒక్కోసారి ఆ పిలుపు పక్కింటావిడ కోసమై ఉండేది. నేను నవ్వితే కసిరేది. "కొంటే కొంటారు, లేకుంటే లేదు. పిలిస్తే పలకనంత గొప్పోళ్ళమా మనం?" నలుగురిలో నోరు విప్పడం నాకు వచ్చిందంటే అది ఆ ముందు గదిలో నేర్చుకున్నదే.

కొన్నేళ్ళ కిందట ఆమెకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది గాని, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుంటూరు తీసుకుపోతే, గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయిందన్నారు డాక్టరు గారు. "దాని కింది కండ బతికి ఉంటే ఆపరేషన్ చేసి ప్రయోజనం. చచ్చిపోయి ఉంటే ఊరికే కోసి కష్టపెట్టడమే. గుండెకు ఎమ్మారై తీస్తే తెలుస్తుంది." అత్త బయటికొచ్చాక, "దుకాణంలో కూచోగలిగితే చాలురా" అంది.

నగలన్నీ తీసి నా చేతిలో పెట్టి మిషన్లోకి వెళ్ళింది. స్కాన్ తీసే అమ్మాయి మైకులో చెప్పింది. "ఊపిరి పీల్చి, వదిలి, అలాగే బిగబట్టండమ్మా."

"సరేమ్మా, బిగబట్టినా" అంది అత్త. స్కాన్ బొమ్మ చెదిరిపోయింది.

"మాట్లాడకూడదమ్మా."

"అట్నేలేమ్మా, మాట్లాడను."

మళ్ళీ చెదిరింది. ఎన్నిసార్లు చెప్పినా అదే తంతు. పాపం ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఇలాగైతే స్కాన్ ఆపేయాల్సి వస్తుందని చెప్పి, అద్దానికి ఇవతల తెర ముందు తను కూర్చునే గదిలోకి, గుమ్మంలో ఉన్న నన్ను పిలిచి మైకు ముందుకు జరిపింది.

"అత్తా, ఎందుకు మాట్లాడతాండావు?"

"ఏం చేసేదిరా? ఆ బిడ్డ అంతగా చెప్తాంటే పలకకుండా ఎట్ల ఉండేది?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నేను దుకాణంలో కూచున్నాననుకో. నీ బదులు నేను పలుకుతా. నువ్వు ఊరకుండు."

"గట్టిగా పలుకు. ఆయమ్మకు వినపడాల."

ఆ తర్వాత ఆ అమ్మాయి బిగబట్టమన్నప్పుడల్లా నేను పక్కనుంచి మైకులో "సరేమ్మా" అన్నాను. అత్త ఊపిరి బిగబట్టి ఊరకుంది. బొమ్మలు నిలిచాయి. కండ చాలావరకు బతికే ఉందని సాయంత్రం డాక్టరు గారు చెప్పారు. ఆపరేషన్ జరిగింది. కోరుకున్నట్లే మొన్నటిదాకా దుకాణంలో కూర్చుంది.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే ముఖం కన్నా ముందు, ఆ రోజు తెర మీద చూసిందే గుర్తొస్తుంది. బూడిదరంగు వెలుగులో మా అత్త గుండె ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఒక మూల దెబ్బతిన్న చోటు తనంతట తాను కదలడం లేదు. చుట్టూ ఉన్న కండ దాన్ని కూడా తనతో లాక్కుని కదులుతోంది.