పసుపు చీటీ

మా ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర బల్ల వేసుకుని చీటీలు రాసే మనిషిని అందరూ చీటీల బాబాయ్ అంటారు. డాక్టరమ్మ కూడా అంతే. ఇరవై ఏళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీ కాలొకటి పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. వరుస తప్పి వచ్చినవాళ్లకి, వాళ్ల తాతలు దిగొచ్చినా చీటీ రాయడు. నేనిక్కడ నర్సుని. ఒకసారి మా అత్తగారిని పక్కదారిన లోపలికి తెస్తే, ఆవిడ్ని మర్యాదగా నడిపించుకెళ్లి వరుస చివర నిలబెట్టాడు. నెల్లాళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టే లేడు.

సరిహద్దు అవతల యుద్ధం మొదలయ్యాక ఊరి చివర గుడారాలు వెలిశాయి. అక్కడివాళ్లూ మా దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకి రాదు. "పొద్దుట్నుంచి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు మాకంటే ముందా?" అని ఊళ్లో బట్టలు కుట్టే టైలరమ్మ సణిగేది. ఆవిడ సణిగితే వరుసంతా సణిగేది.

బాబాయ్ ఒక పద్ధతి పెట్టాడు. ఊరివాళ్లకి తెల్లచీటీ, ఏ రోజైనా రావచ్చు. గుడారాలవాళ్లకి పసుపు చీటీ, దాని వెనక వాళ్ల భాషలో మంగళవారం, శుక్రవారం అని ముద్ర. వాళ్ల మాట తెలిసిన దుబాసీ వచ్చేది ఆ రెండు రోజులే మరి. గొడవ సద్దుమణిగింది. నాకూ ప్రాణం హాయిగా ఉండింది, అబద్ధమెందుకు.

ఒక శుక్రవారం ఏడు నెలల గర్భిణి వచ్చింది. కాళ్లు వాచి చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకొచ్చింది. బీపీ బాగా ఎక్కువుంది, వెంటనే మంచం మీద పడుకోబెట్టాను. తలనొప్పి ఎప్పట్నుంచని దుబాసీ చేత అడిగించాను.

"బుధవారం నుంచట. ఆ రోజు గేటు దాకా వచ్చి, తన రోజు కాదని వెళ్లిపోయిందట. గుడారాల దగ్గర రేషన్‌కి రోజు తప్పి వెళ్తే పేరు కొట్టేస్తారు. ఇక్కడా కొట్టేస్తారేమోనని భయపడిందట."

బాబాయ్ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"బుధవారం గేటు దగ్గర నేనే ఉన్నానమ్మా," అన్నాడు. "తలెత్తి చూడలేదు."

అంబులెన్సు వచ్చింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి బల్ల వదిలేసి, ఆమె చెప్పులు పట్టుకుని ఎక్కేశాడు. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని చీటీలు రాసింది టైలరమ్మ.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలోన్నర కూడా లేదు. తల్లికి రెండు రోజులు తెలివి రాలేదు. పని అవగానే బాబాయ్ బస్సెక్కి వెళ్లి వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఆయన్నలా చూడలేకపోయాను.

"తప్పంతా మీ నెత్తినే వేసుకోకండి బాబాయ్. ఆ ముద్ర నేనూ చూశాను."

"చూడ్డం వేరు, వెయ్యడం వేరమ్మా."

మూడోరోజు ఆమె కళ్లు తెరిచింది. ముందు బిడ్డ కోసం, తర్వాత చెప్పుల కోసం వెతుక్కుందట. ఆ మాట చెబుతూ ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. పిల్ల ఎంతుందో ఆయన జానెడు చూపిస్తే, టైలరమ్మ ఆ కొలతకే రెండు చొక్కాలు కుట్టింది. మర్నాడు పసుపు చీటీల కట్ట కుర్చీ పొట్టికాలి కిందికి వెళ్లింది. దుబాసీ రాని రోజుల కోసం వాళ్ల మాటలు పాతిక నేర్చుకుని గోడకి రాసుకున్నాను.

రెండు నెలలకి పిల్లకి టీకా. బుధవారం ఆమె గేటు బయటే నిలబడిపోయింది. బాబాయ్ లేచి వెళ్లి లోపలికి తీసుకొచ్చి తెల్లచీటీ రాసిచ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తిప్పి చూసింది. ఖాళీ.

"మంగళవారం? శుక్రవారం?" అంది, మా మాటలోనే.

"ఏ రోజైనా రామ్మా," అన్నాడు. నేను గోడ చూసి ఆమె మాటలో చెప్పాను.

మర్నాడు, గురువారం, మళ్లీ వచ్చింది. గేటు దగ్గరే పిల్ల ఒళ్లు పట్టి చూశాను, తల్లి బీపీ కొలిచాను. పిల్లకి జ్వరం లేదు. తల్లి బీపీ బాగుంది. ఏమైందని అడిగితే తల దించుకుని నవ్వింది. నిజంగా రానిస్తారో లేదో చూసుకుందామని వచ్చింది, అంతే.

 బాబాయ్ అప్పటికే రాసి ఉంచిన తెల్లచీటీ ఇచ్చి, టైలరమ్మ వెనక ఆమె చోటు చూపించాడు.