చెరువు నీళ్లకు ఊపిరి పోసిన మేడం

మా కెమిస్ట్రీ మేడం పోయారని నిన్న ఉదయం వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. పెబ్బేరు దగ్గరి మా ఊళ్లో ఆమెకు బంధువులెవరూ లేరు. అయినా కబురు తెలియగానే చేపలు పట్టే కుటుంబాల వాళ్లే ముందుగా బండి మాట్లాడుకుని బయలుదేరారు. ఎందుకో చెప్పాలి.

ఇంటర్‌లో 'ధ్రువ ద్రావణి' అని పుస్తకంలో ఉన్న మాటను ఆమె ఇలా విప్పి చెప్పేవారు: "నీళ్ల అణువు లెక్కనే అమ్మోనియాకు గూడ ఓ దిక్కు ప్లస్సు, ఓ దిక్కు మైనస్సు. చుట్టరికం ఉంది, జల్దిన కలిసిపోతది. ఆక్సిజన్‌కు గా చుట్టరికం లేదు, జరంతనే కరుగుతది. నీళ్లు వేడెక్కితే గదీ ఎల్లిపోతది." పరీక్ష కోసం రాసుకున్నాం, అంతే.

ఆ ఎండాకాలం మా చెరువులో చేపలు తేలాయి. ఒడ్డునే మా టమాట తోట. ఆ వారంలోనే నాన్న పురుగుమందు కొట్టాడు. "నువ్వే ఇసం కలిపినవ్!" అంటూ చేపల వాళ్లు ఇంటి మీదికి వచ్చారు. వాళ్లకు ఏడాది బతుకంతా ఆ చెరువే. నేను ఏడుస్తూ మేడంకు ఫోన్ చేశాను. తర్వాతి బస్సుకే దిగారు.

ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు. చేపల వాళ్ల పెద్దాయనను అడిగారు: "పెద్దయ్యా, ఏ యాళకు తేలుతున్నయి?"

"తెల్లారంగ, మేడం. పొద్దెక్కినంక కొన్ని మల్ల లోపలికి పోతున్నయి."

"మందైతే పొద్దు చూసి తగ్గదు గదా. చూద్దాం." తరగతిలోనూ ఏదడిగినా ముందు ఆ 'చూద్దాం' మాటే అనేవారు.

ఆ చెరువు నీళ్లే బకెట్‌తో ముంచి, ఎత్తు నుంచి ఇంకో బకెట్‌లోకి పోశారు. మళ్లీ మళ్లీ పోశారు. ఆమె చేతులు అలిసిపోతే పెద్దాయన అందుకున్నాడు. నోరు తెరిచి కొట్టుకుంటున్న ఓ చేపను అందులో వేశారు. అది పక్కకు ఒరిగింది. నాన్న చూడలేక తల తిప్పుకున్నాడు. కాసేపటికి తోక ఆడింది. నిటారుగా లేచి, గుండ్రంగా తిరగసాగింది.

"గివే నీళ్లు. ఇసముంటే బతుకుతదా? ఎండకు నీళ్లల్ల గాలి తగ్గింది, గంతే. ఉన్న జరంత గూడ రాత్రిపూట నాచు పీల్చేస్తది, పొద్దెక్కినంక మల్ల అదే జరంత ఇస్తది. మోటర్లు పెట్టుండ్రి. నీళ్లు పైకి కొట్టి మల్ల చెర్లనే పడనియ్యిండ్రి."

మొదటి మోటారు మా తోట నుంచే వెళ్లింది. కొన్ని చేపలు పోయాయి, చాలావరకు దక్కాయి. పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యేసి, "పరేషాన్ల నోరు జారినం, తమ్మీ" అన్నాడు.

సాయంత్రం బస్సు వేళయిందని చెప్పినా మేడం కదలలేదు. మోటారు తుంపర గాలికి ఇటు కొట్టి చీర తడుస్తోంది. కళ్లద్దాలైనా తుడుచుకోకుండా, నీళ్లు తెల్లటి నురగై పడేచోట గుమిగూడిన చేపలను చూస్తూ, చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడిపోయారు.