ఆఖరి బటన్‌కు ముందు అక్క ఎక్కడికెళ్లేది?

ఆ రోజుల్లో ఆఫీసంటే అక్కే అనుకునేవాణ్ణి. సొంత అక్క కాదు లెండి, గుంటూరు వైపు నుంచి వచ్చిన మా టీమ్ లీడ్. మా బాసు మొదలు, కొత్తగా చేరిన నా దాకా అందరికీ ఆవిడ అక్కే. గచ్చిబౌలిలో కూర్చుని మేమొక బ్యాంకు యాప్‌ను నడిపేవాళ్లం. అందులో చేసిన కొత్త మార్పులన్నీ శనివారం పొద్దున జనం ఫోన్లలోకి వదలాలి. దాన్నే రిలీజ్ అంటారు. (ఆ పూట మాలో ఎవరికీ టిఫిన్ సహించేది కాదు.) ఆ పని ఎప్పుడూ అక్కే చేసేది. అన్నీ సిద్ధమయ్యాక, ఆఖరి బటన్ నొక్కే ముందు మాత్రం లేచి, లిఫ్టుల పక్క వరండాలోకి వెళ్లి, కాసేపటికి వచ్చి నొక్కేది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. సర్వర్‌కు ఊపిరి పీల్చుకునే టైం ఇస్తుందని ఒకరు, పెద్దవాళ్లకు ఫోన్ చేసి పర్మిషన్ తీసుకుంటుందని ఇంకొకరు చెప్పుకునేవాళ్లం.

అలాంటి అక్కకు, కాన్పు సెలవు ఇంకా మొదలు కాకముందే, సరిగ్గా ఒక శనివారం పొద్దున నొప్పులొచ్చాయి. బాసు ఫోన్ చేస్తే వాళ్లాయన ఎత్తి, "లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్లారండీ" అన్నాడు. మా బాసు అలవాటు కొద్దీ, "ఎంత టైం పడతదన్నా?" అని అడిగేశాడు. "నేనూ అదే అడుగుతున్నానండీ, ఎవరూ చెప్పట్లేదు" అన్నాడాయన పాపం.

అక్క పక్క కుర్చీ నాది కావడంతో అందరూ నా వైపే చూశారు. "ఇగ నువ్వే కొట్టాలె తమ్మీ. అక్క ఎట్ల చేస్తదో గట్లనే చెయ్యి. జర గూడ తేడా రావొద్దు" అన్నాడు బాసు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. యాప్ ఆగిపోయిందంటే నేను ఇంటికే. బోరబండలో మా అమ్మేమో అప్పటికే "మావోడు బ్యాంకు నడిపిస్తుండు" అని గల్లీ గల్లీ చాటేసింది.

ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ అన్నీ పూర్తి చేసి ఆఖరి బటన్ మీద వేలు పెట్టాను. "ఆగు!" అని అరిచాడు బాసు. "అక్క బయటికి పోతది గద?"

"పోతది సార్. పోయి ఏం చేస్తదో తెల్వదు."

"ముందుగాల పో!"

వెళ్లాను. అక్కడ ఒక కిటికీ, ఒక ప్లాస్టిక్ మొక్క ఉన్నాయి. సెక్యూరిటీ ఆయన "ఏంది సార్, లిఫ్ట్ కావాల్నా?" అన్నాడు. "వద్దన్నా, రిలీజ్ చేస్తున్న" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కాసేపు అలాగే నిలబడి, ఎందుకైనా మంచిదని ఆ మొక్కను కూడా ఒకసారి ముట్టుకుని, వెనక్కి వచ్చి బటన్ నొక్కాను.

యాప్ తెరుచుకుంది! అందరి ఫోన్లలోనూ తెరుచుకుంది. బాసు నన్ను కావలించుకుని ఉండగానే అక్క వాళ్లాయన ఫోన్ చేశాడు. పాప పుట్టిందట, తల్లీబిడ్డా క్షేమమట. అమ్మయ్య అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. ఆ రోజు తిన్న చల్లారిన ఇడ్లీల రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మర్నాడు దవాఖానాలో పాపను చూశాక ఆగలేక అడిగేశాను. "అక్కా, ఆ వరండాలో ఏం చేసేదానివి?" నేను మొక్కను ముట్టుకున్న సంగతి కూడా చెప్పాను.

"అయ్యో, నవ్వించకు తమ్ముడూ, కుట్లు లాగుతున్నాయి!" అంది అక్క. "భయపడేదాన్ని. మీ ముందు భయపడితే మీరంతా హడలిపోతారని అక్కడికెళ్లేదాన్ని. ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించమని ప్రార్థన చేసుకుని వచ్చేదాన్ని."

అక్కకూ భయమేనా! తర్వాత ఉద్యోగం ఖాయమైనప్పుడు కూడా నా ప్రాణం అంత హాయిగా లేదంటే నమ్మండి.

ఇప్పుడు అక్క కుర్చీ నాది. శనివారాల్లో వరండాలోకి వెళ్లేదీ నేనే. మొన్న కిటికీ దగ్గర నిలబడి ఉంటే వెనక అలికిడైంది. చూస్తే, టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ ప్లాస్టిక్ మొక్క పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేర్చుకుందామని వచ్చిన సార్. ఈడ ఏం చెయ్యాలె?"

"భయపడాలమ్మా, కాసేపు."

"గదేనా? పొద్దటి సంది గదే చేస్తున్న సార్" అంది, పెద్దగా ఊపిరి వదులుతూ. నవ్వొచ్చింది. కొంచెం పక్కకు జరిగి, కిటికీ దగ్గర తనకూ చోటిచ్చాను.